కొలువు – లక్ష్యం

చదువు ముగించి కొత్తగా కొలువులో చేరిన యువతీయువకులను బంధుమిత్రులు అడిగే ప్రశ్నలు అందరికీ తెలిసినవే. జీతమెంత, ఏ ఊళ్ళో పని, పదోన్నతి ఎన్నాళ్ళకు వస్తుంది అని అడుగుతారు. ఆ ప్రశ్నల్లో తప్పేమీ లేదు. అవి చాలావరకు ఆప్యాయత వల్ల పుట్టేవే. అయితే ఆ కొలువులో ఉంటూ రానున్న ముప్పై ఏళ్ళలో ఏం సాధించదలచుకున్నావని అడిగేవారు మాత్రం అరుదు. ఎవరైనా అడిగినా పక్కనున్నవారు నవ్వేస్తారు. ఇంకా పనిలో ఓనమాలే రాలేదు, అప్పుడే ముప్పై ఏళ్ళ ముచ్చటా అంటారు. ముందు కుదురుకోవాలి, పెద్ద ఆలోచనలు తరువాత చూసుకోవచ్చు అన్నది లోకం చెప్పే బుద్ధి.

వినడానికి ఈ మాట వివేకంగానే ఉంటుంది. కానీ కుదురుకోవడానికి ఒక హద్దంటూ లేదు. ఉద్యోగం కుదిరాక పెళ్ళి, పెళ్ళయ్యాక ఇల్లు, ఇంటి మీద అప్పు, పిల్లల చదువులు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. ఇవన్నీ జీవితానికి అవసరమైనవే, ఆనందాన్ని ఇచ్చేవే. అయినా వీటి నడుమ నలభై ఏళ్ళు దాటిపోయిన తరువాత, ఇక ఏదైనా పెద్ద పని తలపెడదామని కూర్చున్న మనిషికి లెక్క కుదరదు. నిఘంటువు కూర్చడం, వ్యాధికి మందు కనిపెట్టడం, పూడిపోయిన చెరువులను మండలమంతటా తిరిగి నిలబెట్టడం, ఒక బడిని తీర్చిదిద్దడం వంటివి స్వభావరీత్యానే ఇరవై, ముప్పై ఏళ్ళు కోరే పనులు. ముప్పై ఏళ్ళ పనిని ఇరవై అయిదో ఏట మొదలుపెట్టినవాడు యాభై అయిదో ఏట దాని ఫలం చూడగలడు. నలభై అయిదో ఏట మొదలుపెట్టినవాడు చూడగలడో లేదో! ఉన్నత లక్ష్యాన్ని ఉద్యోగ జీవితపు తొలినాళ్ళలోనే ఏర్పరచుకోవాలని చెప్పడానికి ఆదర్శాల ప్రస్తావన కూడా అక్కరలేదు. ఈ చిన్న కూడిక చాలు.

అసలు ఉన్నత లక్ష్యం అంటే ఏమిటన్న విషయంలోనే నేటి విద్యార్థి లోకంలో పెద్ద గందరగోళం ఉంది. ఇంటర్మీడియట్‌లో అడుగుపెట్టిన నాటి నుంచి విద్యార్థుల చెవిన పడే లక్ష్యాలు ప్రవేశ పరీక్షలో ర్యాంకు, పేరున్న కళాశాలలో సీటు, ఆ తరువాత ప్రాంగణ నియామకాల్లో పెద్ద ప్యాకేజీ. పోటీ పరీక్షల బాట పట్టినవారికైతే ఒక హోదా. ఇవి లక్ష్యాలే కావని చెప్పడానికి వీల్లేదు గాని, వీటిని ఉన్నత లక్ష్యాలని పిలవడం పొరపాటు. ర్యాంకు ఒక ద్వారం. ద్వారం దాటాక ఏ గదిలోకి వెళ్ళాలో, అక్కడ కూర్చుని ఏం చేయాలో అది చెప్పదు.

పదవిని లక్ష్యంగా పెట్టుకున్నవారికి మరో చిక్కు కూడా ఉంది. పదవుల సంఖ్యను నిర్ణయించేది అభ్యర్థి కాదు. వందల ఖాళీలకు లక్షల మంది పోటీ పడే చోట, ఎంత శ్రమించినా అత్యధికులకు ఆ పదవి దక్కదు. అంకగణితం కారణంగా దక్కకపోయినదాన్ని తమ అసమర్థతగా భావించి కుంగిపోయే యువత ఎందరో ఉన్నారు. పరీక్షా ఫలితాలు వెలువడిన మరునాడు వార్తాపత్రికలు మోసుకువచ్చే విషాద వార్తల వెనుక ఉన్న కారణాల్లో ఈ సంకుచితమైన లక్ష్యభావన ఒకటి. జీవితమంతటికీ సరిపోవలసిన ఆశను ఒక్క పరీక్ష మీద, ఒక్క ఉదయం మీద మోపడం పెద్దలు పిల్లలకు చేస్తున్న అపకారం. ఇక పదవి దక్కినవారి పరిస్థితి వేరొక విధంగా విచిత్రమైనది. నియామక పత్రం చేతికి అందిన రోజునే వారి లక్ష్యం ముగిసిపోతుంది. మిగిలిన ముప్పై ఏళ్ళ కొలువు, తరువాతి పదోన్నతి కోసం ఎదురుచూపుగా మారుతుంది.

పదవికి బదులు ఒక పనిని లక్ష్యంగా ఎంచుకున్నవారికి ఈ రెండు బాధలూ లేవు. పనికి ఖాళీల సంఖ్య ఉండదు. మరి అటువంటి పని ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లో కూర్చుని ఎంత ఆలోచించినా సాధారణంగా దొరకదు. కొలువులో చేరి, నాలుగు రోజులు చేతులు ఆడించాక, ఆ రంగంలో ఉన్నదేమిటో, లేనిదేమిటో తెలుస్తుంది. ఆ లోటు చాలామందికి కనబడేదే. ఇది ఎప్పుడూ ఇంతేలే అని నలుగురూ సర్దుకుపోతారు. ఎవరో ఒకరికి మాత్రం దాన్ని పూడ్చే పూచీ తనదనిపిస్తుంది. తెలుగు భాషకు అటువంటి పూచీ పడినవారిలో ఒకడు పరాయి దేశస్థుడు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817 ఆగస్టులో మద్రాసులో ఓడ దిగేనాటికి పంతొమ్మిదేళ్ళు నిండనివాడు. తండ్రి 1812లోనే మరణించాడు. ఈస్టిండియా కంపెనీ కొలువు ఆయనకు బ్రతుకుతెరువు. కంపెనీ నియమాల ప్రకారం సెయింట్ జార్జి కోట కళాశాలలో దేశభాషలు నేర్చుకోవలసి వచ్చింది. వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చి, 1820లో పరీక్ష గట్టెక్కి, కడపలో కలెక్టరు సహాయకుడిగా చేరాడు. అంతవరకు ఆయన కథ ఆ రోజుల్లో ఓడ దిగిన అనేకమంది కంపెనీ యువకుల కథే. కచేరీ వ్యవహారాలు నడపడానికి చాలినంత భాష వచ్చింది. అక్కడితో ఆగిపోయి ఉంటే పైఅధికారులు తప్పు పట్టేవారు కాదు, జీతమూ తగ్గేది కాదు.

ఆగకపోవడానికి కారణం ఆయన కంటపడిన లోటు. పరీక్ష కోసం చదివిన గ్రంథభాష ఒకటి, రైతులూ వ్యాపారులూ కచేరీకి వచ్చి మాట్లాడే భాష మరొకటి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి వివరించే నిఘంటువు లేదు. కావ్యాలు తాళపత్రాల్లో చెదలకు ఆహారమవుతున్నాయి. మిగిలి ఉన్నవాటిలో లేఖకుల పొరపాట్లు కోకొల్లలు. 1824లో ఆయన దృష్టి వేమన పద్యాల మీద పడింది. జనుల నోట నిలిచిన ఆ పద్యాల ప్రతులను సేకరించి, ఒకదానితో ఒకటి పోల్చి, 693 పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో సహా 1829లో అచ్చు వేయించాడు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఏళ్ళు.

మద్రాసులో దిగిన నాడే ఈ లక్ష్యం ఆయన మనసులో లేదన్న సంగతి గమనించదగినది. ఏడేళ్ళ తరువాత, అదీ పని చేస్తూ ఉండగా, అది ఆయనకు ఎదురైంది. కాబట్టి పద్దెనిమిదో ఏటనే జీవిత లక్ష్యాన్ని ప్రకటించలేకపోయిన విద్యార్థి బెంగపడవలసిన అవసరం లేదు. ఆ ఏడేళ్ళూ కళ్ళు తెరచుకుని పని చేయడమే ముఖ్యం.

వేమన పద్యాలతో మొదలైన పని కొద్ది కాలంలోనే ఒక మహా పథకంగా పెరిగింది. తెలుగు కావ్యాలను సేకరించాలి, పరిష్కరించాలి, అచ్చు వేయాలి, వ్యాకరణం రాయాలి, నిఘంటువు కూర్చాలి. ఒక మనిషికి, అందునా పరభాషీయుడికి, పగలంతా కచేరీ బాధ్యతలున్న ఉద్యోగికి అది తలకు మించిన పథకం. చూసినవారికి వెర్రిగా తోచి ఉండవచ్చు. దాన్ని ఆయన నడిపిన తీరులో మాత్రం వెర్రి ఏ కోశానా లేదు. కడపలో ఒక బంగళా కొని, పండితులను, లేఖకులను సొంత ఖర్చుతో నియమించుకున్నాడు. అది బ్రౌన్ కాలేజీగా పేరుపొందింది. ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించేవారు. లేఖకులు వాటిని ఎత్తి రాసేవారు. పాఠభేదాలను గుర్తించి, పండితులు కూర్చుని చర్చించి, సరైన పాఠాన్ని నిర్ణయించేవారు. అప్పుడు గాని శుద్ధప్రతి సిద్ధమయ్యేది కాదు. జూలూరి అప్పయ్య శాస్త్రి వంటి విద్వాంసుల శ్రమ లేనిదే ఆ పని అడుగు కదిలేది కాదన్నదీ నిజమే. గొప్ప లక్ష్యం రోజువారీ పనిగా విడిపోయినప్పుడు ఎలా ఉంటుందో తెలుసుకోదలచినవారు ఆ బంగళాలోని దినచర్యను ఊహించుకోవాలి. అక్కడ ఆవేశపూరితమైన ప్రతిజ్ఞల కంటే కాగితం, సిరా, జీతాల పద్దులు ఎక్కువగా కనిపిస్తాయి.

దారి సాఫీగా సాగలేదు. 1834లో ఆయన కొలువు పోయింది. పదవే సర్వస్వమైనవాడికి అక్కడితో కథ ముగిసేది. బ్రౌన్ ఇంగ్లండు వెళ్ళి, లండనులోని కంపెనీ గ్రంథాలయంలో పడి ఉన్న దక్షిణ భారత భాషల గ్రంథాలకు పట్టిక తయారుచేసే పనిలో మునిగాడు. కొన్నేళ్ళకు తిరిగి వచ్చి పారశీక అనువాదకుడిగా చేరాడు. కొలువు మారింది, ఊరు మారింది, హోదా మారింది. రాత్రి దీపం ముందు కూర్చుని చేసే పని మాత్రం అదే. 1840లో వ్యాకరణం వచ్చింది. 1844లో వసుచరిత్ర, 1851లో అప్పయ్య శాస్త్రి వ్యాఖ్యతో మనుచరిత్ర వెలువడ్డాయి. 1852-54 సంవత్సరాల మధ్య నిఘంటువులు అచ్చయ్యాయి. వేమన పద్యాలు చేపట్టిన నాటి నుంచి లెక్కిస్తే దాదాపు ముప్పై ఏళ్ళు! సేకరించిన రెండు వేలకు పైగా రాతప్రతులను మద్రాసు సాహిత్య సంఘానికి అప్పగించి, 1855లో ఉద్యోగం విరమించి వెళ్ళిపోయాడు. ఆయన నిర్వహించిన పదవుల పేర్లు నేడు చరిత్ర పరిశోధకులకు తప్ప ఇతరులకు గుర్తులేవు. నిఘంటువును మాత్రం పునర్ముద్రణల్లోనూ అంతర్జాలంలోనూ తెలుగువారు నేటికీ తిరగేస్తూనే ఉన్నారు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు చోటుంది. బ్రౌన్ పాలకవర్గానికి చెందినవాడు. ఆయనకున్న జీతం, అధికారం ఆనాటి తెలుగు గుమాస్తాకు కలలో కూడా అందనివి. అన్నీ ఉన్నవాడు పెద్ద పని తలపెట్టడంలో గొప్పేముంది? ఇంట్లో తొలి సంపాదనపరుడై, చెల్లెలి పెళ్ళి, తండ్రి చేసిన సేద్యపు అప్పు నెత్తి మీద ఉన్న యువకుడికి, నెల జీతం రాగానే ఇంటికి పంపి మిగిలినదానితో హాస్టలు గదిలో కాలం గడిపే యువతికి ఆయన ఏ విధంగా ఆదర్శం?

ఈ ప్రశ్నను తేలికగా కొట్టిపారేయకూడదు. ఉన్నత లక్ష్యాలను గురించి వేదికల మీద చేసే ప్రసంగాలు చాలావరకు పేదింటి బిడ్డలకు అన్యాయం చేస్తాయి. తెగించమని, కొలువు వదిలేసి కలల వెంట పరుగెత్తమని అవి బోధిస్తాయి. తెగింపు ఖరీదు అందరికీ ఒకటి కాదన్న సంగతిని మరచిపోతాయి. ఓడిపోతే పుట్టింటి ఆస్తి ఆదుకునేవాడి తెగింపు వేరు, ఓడిపోతే పొయ్యి వెలగనివాడి తెగింపు వేరు. నిజానికి బ్రౌన్ కూడా పని కోసం కొలువును వదులుకున్నవాడు కాదు. కొలువు ఇచ్చిన జీతమే పండితుల జీతాలకు, కాగితానికి ఆధారమైంది. కొలువును లక్ష్యానికి శత్రువుగా చూడనవసరం లేదనడానికి ఆయనే సాక్ష్యం. అయినప్పటికీ లేమిలో పుట్టినవారి సంగతిని లేమిలో పుట్టినవారి జీవితంలోనే చూడడం న్యాయం.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించాడు. పెద్ద కుటుంబం, చాలీచాలని రాబడి. పదమూడేళ్ళ ప్రాయంలో ఆయన కాశీకి పారిపోయి, యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి ధనవంతుడు కావాలని ఇల్లు విడిచి బయలుదేరాడని జీవితచరిత్రకారులు చెబుతారు. ఇంటివారు పట్టి వెనక్కు తెచ్చారు. ఆయన తొలి లక్ష్యం అది! పేదరికం పసివాడికి డబ్బు కంటే పెద్ద లక్ష్యాన్ని చూపించలేదు. అందుకు పసివాణ్ణి నిందించడం భావ్యం కాదు. తల్లి పట్టుదలతో మళ్ళీ బడికి వెళ్ళాడు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఒక ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ స్థాయి పట్టాతో బయటపడ్డాడు. ర్యాంకుల కొలబద్దతో కొలిస్తే ఆయనది చెప్పుకోదగిన విద్యార్థి జీవితం కాదు.

ఆయన లక్ష్యం పట్టాలోంచి రాలేదు, ఇంట్లో జరిగిన విషాదంలోంచి వచ్చింది. సోదరులిద్దరు స్ప్రూ అనే గ్రహణి వ్యాధితో కన్నుమూశారు. పేగులు ఆహారంలోని సారాన్ని గ్రహించలేక, రక్తం క్షీణించి, రోగి నానాటికీ కృశించే వ్యాధి అది. ఆనాటి వైద్యుల వద్ద దానికి తగిన మందు లేదు. ఉష్ణమండల వ్యాధులను గురించి లోతుగా అధ్యయనం చేయాలన్న కోరిక ఆయనలో స్థిరపడింది. మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెబుతూనే అమెరికా వెళ్ళే ప్రయత్నాలు సాగించాడు. మామగారి సాయం, కాకినాడకు చెందిన మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సాయం తోడై 1923 అక్టోబరులో బోస్టన్ చేరాడు. అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నాచితకా పనులు చేస్తూ చదువు సాగించాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు.

తరువాతి ఇరవై ఏళ్ళను పైపైన చూసినవారికి ఆయన స్ప్రూ వ్యాధిని పూర్తిగా మరచిపోయాడనిపిస్తుంది. హార్వర్డులో ఫిస్కె అనే శాస్త్రజ్ఞుడి ప్రయోగశాలలో చేరి, రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించడంలో పాలుపంచుకున్నాడు. 1925లో వెలువడిన ఆ పద్ధతి ఇద్దరి పేర్లతోనూ ప్రసిద్ధి పొందింది. కండరాలకు శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న వెంట వెళ్ళి ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏ.టి.పి.ని గుర్తించిన పరిశోధనల్లో భాగస్వామి అయ్యాడు. జీవశాస్త్రం చదివే ప్రతి ఇంటర్మీడియట్ విద్యార్థీ కంఠస్థం చేసే ఏ.టి.పి. వెనుక భీమవరం వాడి శ్రమ ఉందన్న సంగతి వారిలో ఎందరికి తెలుసో! ఇంత చేసినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన నియామకం దక్కలేదు. 1940లో లెడర్లే అనే ఔషధ సంస్థకు మారాడు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయగలిగింది. స్ప్రూ రోగుల్లో క్షీణించిన రక్తాన్ని తిరిగి నింపే మందు అదేనని త్వరలోనే తేలింది. బోస్టన్‌లో దిగిన నాటి నుంచి ఇరవై రెండేళ్ళు గడిచాయి.

ఆ బృందం చేసిన ఇతర పనులు కూడా సామాన్యమైనవి కావు. బోదకాలు వ్యాధికి కారణమయ్యే ఫైలేరియా క్రిములను అణచే డి.ఇ.సి. అనే మందు అక్కడి నుంచే వచ్చింది. తెలుగు నాట పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్రల్లో ఉన్నది అదే. ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే పదార్థాలు పిల్లల రక్తపు క్యాన్సరు చికిత్సకు దారి తీశాయి. 1948లో ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవ నాశకం వెలుగు చూసింది. అదే ఏడాది ఆగస్టులో, యాభై మూడేళ్ళ వయసులో ఆయన మరణించాడు. మద్రాసు నుంచి బయలుదేరేటప్పుడు క్యాన్సరు ఆయన ఊహలో కూడా ఉండి ఉండదు. పెద్ద లక్ష్యం పక్కదారులను సైతం సహిస్తుంది. చిన్న లక్ష్యానికి ఆ ఓపిక లేదు. దారి కాస్త వంకర తిరిగితే అది కనుమరుగవుతుంది.

ఇటువంటి మహనీయుల చరిత్రలు చదివినప్పుడు విద్యార్థులకు ఒక భయం కలగడం సహజం. అందరూ నిఘంటుకర్తలు, శాస్త్రజ్ఞులు కాగలరా? కాలేరు, కానక్కరలేదు. తాను పనిచేసినంత కాలం తన బడి నుంచి అయిదో తరగతి దాటే ఏ బిడ్డా చదవడం రాకుండా వెళ్ళకూడదని నిశ్చయించుకున్న పంతులమ్మ లక్ష్యం, నిఘంటువు కంటే తక్కువదేమీ కాదు. మండలంలోని చెరువులు, కాలువలు, తూముల వివరాలన్నిటినీ ఒక చోట నమోదు చేయాలనుకున్న నీటిపారుదల శాఖ చిన్న ఇంజినీరుకు ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆదివారాలు, ఒక నోటు పుస్తకం ఉంటే మొదలుపెట్టవచ్చు. ఇవి పత్రికలకెక్కే లక్ష్యాలు కావు. కానీ ఇవి కూడా తొలినాళ్ళలో మొదలైతేనే సాగుతాయి. బడిలో చేరిన మొదటి అయిదేళ్ళలో పంతులమ్మకు ఏది అలవాటైతే అదే ఆమె దృష్టిలో బడి అవుతుంది. పిల్లలకు చదవడం రాకపోయినా గంట కొట్టగానే వెళ్ళిపోవడం అలవాటైతే, పదేళ్ళ తరువాత ఆ లోటు ఆమె కంటికి ఆనదు. కొత్తగా చేరినవారికి అనుభవం లేదన్నది నిజమే. పాతబడినవారికి లేని ఒక గుణం మాత్రం వారికి ఉంది: లోటును చూసి ఆశ్చర్యపోయే శక్తి.

లక్ష్యాన్ని ఎవరు ఎంచుకున్నారన్నది కూడా ముఖ్యమే. తల్లిదండ్రులు తమకు దక్కనిదాన్ని బిడ్డల మీద మోపినప్పుడు అది ఎంత ఉన్నతమైనదైనా బరువే. ఇరవై మూడో ఏట ఎంచుకున్న పని ముప్పయ్యో ఏట తనది కాదని తేలితే మార్చుకోవడంలో అవమానమేమీ లేదు. అరటిపళ్ళ లక్ష్యాన్ని సుబ్బారావు మార్చుకోలేదా?

మిగిలిన ఆక్షేపణ ఒకటే, అది అన్నిటికంటే బలమైనది. అంత పెద్ద పనిని తలకెత్తుకున్నవారు దాన్ని పూర్తి చేయకుండానే పోతే? సాధించగలిగినంతే తలపెట్టాలన్న నీతికి మూలం ఈ భయమే. దీనికి మాటలతో చెప్పే జవాబు ఏదీ తృప్తినివ్వదు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు జీవితాన్ని పరిశీలించడం మేలు.

ఆయన 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించాడు. అక్క భండారు అచ్చమాంబ అండన నాగపూరులో చదువుకున్నాడు. అక్కడ మరాఠీ భాషలో చరిత్ర, విజ్ఞాన గ్రంథాలు వెలువడడం చూశాడు. తెలుగు చదువరికి అటువంటి పుస్తకాలు లేవన్నది ఆయనకు కనిపించిన లోటు. మునగాల జమీందారు వద్ద దివానుగా పనిచేస్తూనే ఆ లోటు పూడ్చడానికి పూనుకున్నాడు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపనలో ముందు నిలిచేనాటికి ఆయనకు ఇరవై నాలుగేళ్ళు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి వెలిసేనాటికి ఇరవై తొమ్మిది. మండలి పక్షాన గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకన్ చరిత్ర, చిలుకూరి వీరభద్రరావు రచించిన ఆంధ్రుల చరిత్ర, మరెన్నో శాస్త్రగ్రంథాలు తెలుగువారి చేతికి వచ్చాయి. వాటన్నిటికీ మించిన తలంపు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. ప్రపంచ విజ్ఞానమంతటినీ అకారాది క్రమంలో తెలుగులో నిక్షేపించాలన్నది ఆయన సంకల్పం.

1923 జూలైలో ఆయన మరణించాడు. వయసు నలభై ఆరు. సర్వస్వం మూడు సంపుటాలు వెలువడ్డాయి. అవి వర్ణమాలలోని తొలి అక్షరాన్ని కూడా దాటలేదు.

తరువాతి దశాబ్దంలో కాశీనాథుని నాగేశ్వరరావు ఆ పనిని మళ్ళీ చేపట్టాడు. 1947లో మద్రాసులో ఏర్పడిన తెలుగు భాషా సమితి విషయాల వారీగా విజ్ఞాన సర్వస్వ సంపుటాలను వెలువరించింది. యువకుడిగా లక్ష్మణరావు వద్ద సర్వస్వం పనిలో సహాయకుడిగా ఉండి, వ్యాసాలు సేకరించడం, పరిష్కరించడం నేర్చుకున్న మల్లంపల్లి సోమశేఖర శర్మ ఆ సమితి సంపుటాల సంపాదక బాధ్యతల్లో పాలుపంచుకున్నాడు.